అంతు తేలని ఆదివారాలు



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసివ్వమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు గుర్రంకొండ కోట గురించి వ్రాస్తానని ఒప్పుకున్నాను. పుస్తకాలు కూడా ముందర పెట్టుకున్నాను. కానీ కోట సంగతులు నాకంటే బాగా తెలిసినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను నా కండ్లతో చూసిన చరిత్ర వేరే ఒకటి ఉంది. అది టెలివిజన్ ధారావాహికల చరిత్ర. నవ్వకండి. మనలో చాలామంది సర్వీసులో చివరి పదిహేనేండ్ల ఆదివారాలు ఆ పెట్టె ముందరే గడిచినాయి.

మొన్న వేసవి సెలవులకు మనవడు వచ్చాడు. సెల్‌ఫోనులో ఏదో హత్య కథ చూస్తున్నాడు. మొత్తం ఎనిమిది భాగాలట. మాటలు ఎలుకలు అరిచినట్టు వినిపిస్తుంటే ఏమని అడిగాను. ఒకటిన్నర రెట్లు వేగం పెట్టుకున్నాడట. మూడో భాగం దగ్గర, "నస పెడ్తా ఉన్నాడు తాతా, ఎవరు ఎవరో అర్థం కాలేదు" అని నేరుగా ఎనిమిదో భాగానికి దూకి, హంతకుడెవరో చూసుకుని, ఫోను పక్కన పెట్టి ఆడుకోవడానికి పోయాడు. వాణ్ణి మందలించబోయి ఆగాను. ఓర్పు గురించి చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడమే ఈ వ్యాసం.

మన దేశంలో టెలివిజన్ 1959లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాదు కేంద్రం 1977లో వచ్చింది. 1982 ఆసియా క్రీడల ఏడాది రంగులు వచ్చినాయి. 1984లో 'హమ్ లోగ్'తో ధారావాహికల కాలం మొదలైంది. కురబలకోటలో మా ఇంటికి టీవీ వచ్చింది మాత్రం 1987లో, రామాయణం కోసం. పండుగ అడ్వాన్సు తీసుకుని, దానికి ఇంకొంత కలిపి మదనపల్లెలో నలుపు తెలుపు సెట్టు కొన్నాను. యాంటెన్నా ఎటు తిప్పినా ఏదో ఒక కొండ అడ్డం. మిద్దె మీద ఒకడు తిప్పుతుంటే కింద ఒకడు "చాలు, చాలు, మళ్ళీ పాయె" అని అరవాలి.

రామానంద సాగర్ రామాయణం 1987 జనవరి నుంచి 1988 జూలై వరకు వచ్చింది. మొదట 52 భాగాలకు అనుకున్నది 78 దాకా సాగింది. నిదానం అంటే అంతా ఇంతా కాదు. ఇటు నుంచి వదిలిన బాణం అటు నుంచి వచ్చే బాణాన్ని కలుసుకునేలోపల మా ఆవిడ పొయ్యి మీది పాలు దించి వచ్చేది. అయినా ఒక్కరూ విసుక్కోలేదు. విసుక్కోకపోగా, ఉత్తర రామచరిత కూడా చూపించవలసిందేనని 1988లో ఉత్తర భారతంలో కొన్ని పట్టణాల పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. తర్వాత మహాభారతం 94 భాగాలు. అదీ అంతే. భాష రాకపోయినా మా వీధిలో ఎవరికీ ఇబ్బంది కాలేదు. కథ అందరికీ ముందే తెలుసు. రావణుడు చస్తాడని తెలిసినవాడికి రావణుడు ఎప్పుడు చస్తాడనే తొందర ఉండదు.

తెలియని కథను ముక్కలుగా తినడం కూడా మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగంగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికలో విడతలుగానే మొదలైంది. మా చిన్నతనంలో 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు వచ్చేవి. తోకచుక్క, మకరదేవత, కంచుకోట. నెలనెలా ఎదురుచూసేవాళ్ళం. కానీ అందులో ఒక భరోసా ఉండేది. ముందు జరిగిన కథ నాలుగు వాక్యాల్లో పైన వేసేవాళ్ళు, ఏడాదికో ఏడాదిన్నరకో కథ ముగుస్తుందని మనకు తెలుసు. అర్థం కాకపోతే పాత సంచిక తీసి చూసుకోవచ్చు. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు. వాటిని మదనపల్లెలో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకునేవాణ్ణి. ఒకసారి ఎవరో పుణ్యాత్ముడు చివరి రెండు ఆకులు చింపేసిన నవల నా చేతికి వచ్చింది. హంతకుడెవరో ఇప్పటికీ నాకు తెలియదు. నాకున్న తొందర గుణానికి మూలం అదేనేమో అని మా ఆవిడ అంటుంది.

ఇక అసలు సంగతి. 1994లో ఆదివారం ఉదయాల్లో దూరదర్శన్‌లో 'చంద్రకాంత' మొదలైంది. నిర్మాత నీరజా గులేరి. కథకు ఆధారం దేవకీనందన్ ఖత్రీ అనే ఆయన 1888లో ప్రచురించిన హిందీ నవల. ఖత్రీ కాశీ మనిషి. చకియా, నౌగఢ్ అడవుల్లో కాంట్రాక్టులు చేశాడు. ఆ అడవుల్లో పాడుబడ్డ కోటలు, గుహలు చూసి చూసి, వాటిలో రాకుమారిని, రాకుమారుణ్ణి, వేషాలు మార్చే గూఢచారులను పెట్టి కథ అల్లాడు. ఆ గూఢచారులను ఐయార్లు అంటారు. దారులు తెలియని మాయకట్టడాన్ని తిలిస్మ్ అంటారు. ఆ నవల చదవడం కోసమే ఎంతోమంది హిందీ నేర్చుకున్నారని హిందీ సాహిత్య చరిత్రల్లో వ్రాశారు. అది చాలదన్నట్టు ఆయన 'చంద్రకాంతా సంతతి' అని ఇంకో 24 భాగాలు వ్రాశాడు.

మా ఇంట్లో హిందీ వచ్చినవాణ్ణి నేనొక్కడినే. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలు పాసయ్యాను. కాబట్టి ఆదివారం ఉదయం ఇంటిల్లిపాదికీ నేనే దుబాసీని. అందరిలోకీ ముందు వరసలో కూర్చునేది మా అమ్మ. అప్పటికి ఆమెకు డెబ్బై దాటినాయి. ఒక కంటికి శుక్లం తీయించి ఉన్నాము. అక్షరం రాదు, హిందీ ముక్క రాదు. కానీ చంద్రకాంత అంటే ప్రాణం. క్రూర్ సింగ్ వేషం వేసిన అఖిలేంద్ర మిశ్రా కండ్లు ఉరిమి "యక్కూ" అంటే, మా అమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "యక్కూ" అనేది.

మొదటి నాలుగైదు నెలలు బాగానే జరిగింది. విజయగఢ్, నౌగఢ్ రాజ్యాలకు పగ, ఆ రాకుమారికీ ఈ రాకుమారుడికీ ప్రేమ, మధ్యలో చునార్ రాజు శివదత్తు. అంతవరకు చెప్పగలిగాను. తర్వాత కథ నా చేతిలో లేకుండా పోయింది. ఒకడు ఇంకొకడి ముఖం పెట్టుకుని వస్తాడు. చచ్చినవాడు లేచి వస్తాడు. నాగుపాము మనిషి అవుతుంది. గుహలోకి పోయినవాడు నాలుగు వారాలకు గానీ బయటికి రాడు, వచ్చినాక వాడు వాడేనా అని అనుమానం. దానికితోడు కరెంటు కోత. సరిగ్గా ముసుగు తీసేటప్పుడు పోయేది.

"ఇప్పుడేమన్నాడురా?" అని అమ్మ.

"నాకూ తెలీదమ్మా."

"హిందీ పరీచ్చ పాసైతివి కదా నాయనా?"

ఆ మాటకు మా పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు అవమానంగా ఉండేది. ఎట్లయినా అంతు తేల్చాలని మదనపల్లెలో నాకు హిందీ చెప్పిన పంతులుగారిని అడిగి ఖత్రీ నవల తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, రెండు నెలలు కష్టపడి చదివాను. చివర తిలిస్మ్ పగులుతుంది, రాకుమారుడికీ రాకుమారికీ పెండ్లి జరుగుతుంది. సంతోషించాను. తీరా చూస్తే టీవీ కథ నవలను వదిలి ఎప్పుడో ఎక్కడికో పోయింది. పేర్లు అవే, మనుషులు వేరే. నా ఓర్పు తెగింది ఆ రోజే.

ఇందులో నిర్మాతలను అనవలసింది కూడా పెద్దగా లేదని తర్వాత తెలుసుకున్నాను. ఆ కాలంలో పద్ధతి అది. ధారావాహిక తీసినవారు దూరదర్శన్‌కు ప్రసార రుసుము కడతారు. బదులుగా కొన్ని నిమిషాల ప్రకటనల సమయం వారికి దొరుకుతుంది. దాన్ని సబ్బుల కంపెనీలకు, టూత్‌పేస్టు కంపెనీలకు అమ్ముకుని పెట్టుబడి రాబట్టుకోవాలి. దూరదర్శన్ ముందుగా ఇన్ని భాగాలని మంజూరు చేస్తుంది. జనం చూస్తున్నారంటే పొడిగింపు. పొడిగింపు వస్తుందో రాదో తెలియని కథకుడు కథను ఎట్లా ముగిస్తాడు? తలుపులు తెరిచిపెట్టుకుంటూ పోతాడు. నవలకు చివరి అట్ట ఉంటుంది. దీనికి లేదు. మనకు ఇంక్రిమెంటు, డి.ఎ. బకాయి ఎప్పుడొస్తాయో తెలియకపోయినా ఎప్పటికో ఒకప్పటికి వస్తాయని నమ్మకం ఉండేది. చంద్రకాంత చూసేవాడికి ఆ నమ్మకం కూడా లేదు.

కథలో బద్రినాథ్ అని ఒక ఐయార్ ఉండేవాడు. అతని విషయంలోనే అమ్మకూ నాకూ తగాదా వచ్చింది.

"ఆ మొగోడు ఒకడు కాదురా, ఇద్దురు" అనేది అమ్మ.

"ఒకడేనమ్మా. వేషం మార్చుకోని వస్తాడు. ఐయార్ అంటే అదే."

"చూపు చూడు నాయనా. ఒకని చూపుకీ ఇంకొకని చూపుకీ పొత్తే లేదు."

"నీకు ఉండేది ఒక కన్ను. దాంతో చూపులు కూడా కనిపెడతావా?" అన్నాను ఒకరోజు. పిల్లలు నవ్వలేదు. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి ఒక కార్డు వ్రాయమనింది. ఢిల్లీ వాళ్ళనే అడిగితే పోతుంది కదా అని.

కార్డు పదిహేను పైసలు. ఆ రోజుల్లో టీవీ వాళ్ళకు కార్డులు వ్రాయడం మామూలే. 'సురభి' కార్యక్రమం ప్రశ్నలకు జవాబులుగా ఒక్క వారంలో 14 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చిన సందర్భం ఉంది. ఆ బరువు మోసింది మన శాఖే. కడకు పోటీలకు వేరే కార్డు పెట్టి రెండు రూపాయలు చేయవలసి వచ్చింది. అమ్మ చెప్పింది చెప్పినట్టు వ్రాశాను: "ఢిల్లీ దూరదర్శన్ వారికి నమస్కారములు. చంద్రకాంతలో బద్రినాథ్ అనే ఆయన ఒకడా ఇద్దరా తెలుపగలరు. కథ ఎప్పటికి అయిపోవును. నాకు డెబ్బై రెండేండ్లు." కింద అమ్మ వేలిముద్ర వేసింది. అవసరం లేదన్నా వినలేదు.

ఆ కార్డు నేను డబ్బాలో వేయలేదు. ఢిల్లీలో తెలుగు చదివేదెవరు, చదివినా జవాబు వ్రాసేదెవరు అనుకుని ఇంట్లో హిందీ నిఘంటువులో పెట్టాను. "వేసినావా?" అంటే "వేసినానమ్మా" అన్నాను. చేతికి అందిన ఉత్తరం మనది కాదు, చేరవలసినవాడిది అని కొత్తగా చేరిన పోస్టుమేన్లకు పాఠం చెప్పినవాణ్ణి నేను. సర్వీసులో ఒక్క ఉత్తరం తప్పిపోలేదని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. అమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం మెయిలు వచ్చే వేళకు వాకిట్లో కూర్చునేది. మీటర్‌గేజి రైలు కూత వినిపిస్తే, "ఢిల్లీ నించి ఏమన్నా వచ్చిందా?" అని అడిగేది. దాదాపు రెండు నెలలు అడిగింది.

1995 వేసవిలో ఒక ఆదివారం అమ్మకు జ్వరం. పడుకుని ఉంది. టీవీ ముందు నేనొక్కడినే. ఆ రోజు కూడా ఏమీ తేలలేదు. లోపలికి పోయి, "అయిపోయిందమ్మా" అన్నాను. "బద్రినాథ్ చచ్చిపోయినాడు. చంద్రకాంతకు పెండ్లయింది. కథ ముగిసింది." నవల ముగింపే కొంచెం అటూ ఇటూ చేసి చెప్పాను. అమ్మ సంతోషపడి, పెండ్లికి ఏ చీర కట్టుకుందని అడిగింది. ఎర్రచీర అన్నాను.

తర్వాతి ఆదివారం టీవీ పెట్టలేదు. ఆ పై ఆదివారం అమ్మ మజ్జిగ కోసం పక్కింటికి పోయింది. గంట దాకా రాలేదు. వచ్చి చెంబు కింద పెట్టి, "చచ్చిపోయినోడు బతికే ఉండాడు నాయనా. ఆడ కూర్చోని నవ్వతా ఉండాడు" అనింది. అంతే. తిట్టలేదు, అడగలేదు. ఆ తర్వాత ఆదివారాలు పక్కింటికే పోయి చూసేది. ఆ ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. ఐదారుగురు ఆడవాళ్ళు కూర్చుని, తలా ఒక మాట అనుకుని, వాళ్ళ కథ వాళ్ళే అల్లుకునేవాళ్ళు. గోడ ఇవతలికి నవ్వులు వినిపించేవి.

1996లో ధారావాహిక నిజంగానే ఆగిపోయింది. పొడిగింపు విషయంలో దూరదర్శన్‌కూ నిర్మాతకూ వివాదం వచ్చి కోర్టుకెక్కింది. పేపర్లో చూసి అమ్మకు చెప్పాను.

"ఆపేసినారమ్మా. కోర్టులో ఉంది."

"నువ్వు అట్లనే చెప్తావులే" అనింది.

ఆ నెలంతా ప్రతి ఆదివారం పక్కింటికి పోయి, వేరే ఏదో వస్తుంటే కాసేపు చూసి తిరిగి వచ్చింది. 1997 సంక్రాంతి దాటిన పది రోజులకు చనిపోయింది.

ఆ ఏడాదే ఈటీవీలో 'అన్వేషిత' మొదలైంది. యమున, అచ్యుత్ నటించారు. 1999 దాకా వచ్చింది. తెలుగులో భయం, మర్మం కలిసిన ధారావాహికల్లో అంత పేరు తెచ్చుకున్నవి తక్కువ. కుప్పం వైపు పనిచేసిన మన మిత్రులైతే సన్ టీవీలో నాగా దర్శకత్వం వహించిన 'మర్మదేశం' గురించి ఇప్పటికీ చెబుతారు. వాళ్ళకు తమిళం ఇంటి భాషతో సమానం. నేను అన్వేషిత కొన్ని వారాలు చూశాను. ముఖ్యమైన మాట వచ్చినప్పుడల్లా పక్కకు తిరిగేవాణ్ణి, అమ్మకు చెప్పడానికి. తెలుగే కదా, చెప్పవలసిన పని కూడా లేదు. మానేశాను.

ఇట్లా విసిగినవాళ్ళు మనమే కాదు. అమెరికాలో 1990లో 'ట్విన్ పీక్స్' అని ఒక ధారావాహిక వచ్చింది. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ అనేవారు తయారు చేశారు. లారా పామర్ అనే అమ్మాయిని ఎవరు చంపారన్నదే ప్రశ్న. ఆ దేశమంతా అదే మాట్లాడుకుంది. నెలలు గడిచినా చెప్పకపోయేసరికి జనానికి ఓర్పు పోయింది. హంతకుడెవరో తేల్చమని టీవీ సంస్థ పట్టుబట్టింది. తేల్చారు. తేల్చినాక చూసేవాళ్ళు ఇంకా తగ్గిపోయి 1991లో ఆగిపోయింది. మళ్ళీ 2017లో, పాతికేండ్ల తర్వాత, 18 భాగాలు తీశారు. చెప్పకపోతే కోపం, చెబితే పనిలేదని లేచిపోవడం. ఆ సంగతి చదివినప్పుడు, బద్రినాథ్ ఒకడో ఇద్దరో ఆ రోజే తేలిపోయి ఉంటే మా అమ్మ పక్కింటికి పోయేదా అని ఆలోచించాను. పోయేదే అనిపించింది. ఆమెకు కావలసింది జవాబు ఒక్కటే అయితే రోజూ మధ్యాహ్నం వాకిట్లో అంతసేపు కూర్చునేది కాదు.

మళ్ళీ మనవడి సంగతికి వస్తాను. ఈ వ్యాసం కోసం తేదీలు సరిచూసుకుంటూ నిఘంటువు తీస్తే కార్డు కింద పడింది. అమ్మ వేలిముద్ర నీలిసిరా వెలిసి బూడిదరంగుకు వచ్చింది. వాడు కార్డు చదవమన్నాడు. తెలుగు చదవడం వాడికి అంతంతమాత్రం. చదివి వినిపించాను. ఫోనులో ఏదో నొక్కి, నిమిషం కాకముందే, "ఇద్దరు తాతా. కవలలు. బద్రినాథ్, సోమనాథ్. రెండు వేషాలూ ఇర్ఫాన్ ఖానే వేశాడు" అన్నాడు. 'సైనికుడు' సినిమాలో మహేష్‌బాబుకు ఎదురు నిలిచిన నటుడు. 2020లో పోయాడు.

"జేజెమ్మ కరెక్టే చెప్పింది కదా, మరి నువ్వు ఒకడే అన్నావంట?" అని అడిగాడు. నేను ఒకడే అన్నానని వాడికి ఎవరు చెప్పారో తెలియదు. మా ఆవిడే అయి ఉంటుంది.

కార్డులో రెండో ప్రశ్న కూడా ఉంది. దాన్ని వాణ్ణి అడగలేదు. కార్డు తీసి నిఘంటువులోనే పెట్టాను. ఇప్పుడు కార్డు ధర యాభై పైసలు. ఇంకో ముప్పై అయిదు పైసల బిళ్ళలు అతికించాలి.